ఇత్తడి కోసినవాళ్ళ గుర్తు

సబ్బులావిడ ఇత్తడి అచ్చును కిటికీ వెలుగులోకి ఎత్తి, ఇటూ అటూ తిప్పి, చివరికి అందులోని మొగ్గను బొటనవేలితో తడిమి చూసింది.

"ఏం మొగ్గండీ బాబూ! పొద్దున్నకల్లా విచ్చుకునేలా ఉంది. తొడిమ దగ్గర ఆ ఒంపు చూడండి! అన్నయ్యగారూ, మీ చేతికి దణ్ణం పెట్టాలి," అంది.

బావగారు కళ్ళద్దాలు సవరించుకుని, "ఏదో, మీ అభిమానం," అన్నాడు. ఆ తర్వాత, పదునుగానే ఉన్న ఉలిని తీసి రాయి మీద మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. నీళ్ళ కుళాయి పక్కన, కొట్లో అన్నిటికన్నా చీకటి మూలలో ఉన్న బల్ల దగ్గర నిలబడ్డ తమ్ముడి భార్య వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు.

చూస్తే నోరు పెగలొద్దూ! ఆ మొగ్గ ఆమెది. కాగితం మీద గీసి, చెరిపి, మళ్ళీ గీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, తన చిన్న మిషను మీద తెల్ల ప్లాస్టిక్ ముక్కలో చెక్కి ఇచ్చింది చిన్నకోడలు. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఒంపుకు ఒంపు, గీతకు గీత ఇత్తడిలోకి దింపినవాడు బావగారు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా?

సబ్బులావిడ అచ్చును తిరగేసింది. వెనకవైపు మూలన చిన్న నెలవంక ఉంది. ఆ కొట్టు నుంచి బయటికి వెళ్ళే ప్రతి అచ్చుకూ వెనక ఒక గుర్తు ఉంటుంది. అది కోసిన మనిషి గుర్తు. సబ్బుల అచ్చయినా, తోలుసంచుల మీద వేసే ముద్రయినా ఇదే పద్ధతి. మామగారిది గవ్వ. బావగారిది నెలవంక. చిన్నకొడుకు పాలిష్ చక్రం దగ్గరే స్థిరపడిపోయాడు కాబట్టి అతనికి గుర్తు లేదు, లేదన్న దిగులూ లేదు.

"ఆ మొగ్గ నేను గీసింది," అంది చిన్నకోడలు.

అంత గట్టిగా అనాలని ఆమె అనుకోలేదు. పాలిష్ చక్రం హోరులో కలిసిపోతుందిలే అనుకుంది. సరిగ్గా అప్పుడే మొగుడు మహానుభావుడు చక్రం ఆపి చెమట తుడుచుకుంటున్నాడు. మాట కొట్టంతా వినబడింది.

సబ్బులావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బావగారు ఉలి కింద పెట్టాడు.

"గీసింది నువ్వేనమ్మా, కాదని ఎవరన్నారు? కానీ గీయడం వేరు, కోయడం వేరు. ఇత్తడి కోసినవాళ్ళదే గుర్తు. ఇది నేను పెట్టిన రూలు కాదు, మా తాత నాటిది."

"అయితే ఇత్తడే కోస్తాను."

"దేంతో? నీ జోరీగతోనా?"

మిషనుకు ఆ పేరు పెట్టింది బావగారే. బల్ల మీద ఒక మూలకు ఒదిగిపోయేంత మిషను అది. కంప్యూటర్లో గీసిన బొమ్మను చూసుకుంటూ ప్లాస్టిక్కో చెక్కో మైనమో చెక్కుతుంది. చెక్కుతున్నంతసేపూ చెవి దగ్గర జోరీగలా గీ పెడుతుంది. ఒకసారి చిన్నకోడలు మొండికి పోయి దాన్ని ఇత్తడి మీద పెడితే, కోసే మొనను, అంటే బిట్టును, తిప్పే స్పిండిల్ గజగజలాడి, బిట్టు టప్పున విరిగి, ముక్క ఎగిరి గోడ గడియారానికి తగిలింది. గడియారం అద్దం మీద ఆ గీత ఇంకా ఉంది. కొట్లో ఎవరు టైము చూసుకున్నా ఆ ముచ్చట గుర్తొస్తుంది.

"జోరీగతోనే," అంది చిన్నకోడలు.

"సరే. ఈవిడ తర్వాతి అచ్చు నువ్వే కొయ్యి. కోస్తే గుర్తు నీదే, నేను అడ్డం చెప్పను. కోయలేకపోయావనుకో, ఆ బల్ల ఖాళీ చేసెయ్. రెండో పాలిష్ చక్రం పెట్టుకోవడానికి చోటు లేక చస్తున్నాం. మీ ఆయన పక్కన కూర్చుని నువ్వూ పాలిష్ పట్టొచ్చు. చిలకాగోరింకల్లా ఉంటారు."

మొగుడు నవ్వబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

"నాకెవరు కోస్తే ఏంటండీ, మొగ్గ మొగ్గలా ఉంటే చాలు," అంది సబ్బులావిడ. అచ్చును సంచిలో వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఈసారి ఆకుతో సహా కావాలి. శనివారం సాయంత్రం వస్తా," అని చిన్నకోడలి వైపే చూసి చెప్పింది.

ఇంత జరిగినా మామగారు నోరు విప్పలేదు. కిటికీ దగ్గరి పెద్ద బల్ల ఆయనది. చేతులు వణకడం మొదలయ్యాక కోయడం మానేశాడు గానీ ఆ బల్లను వదల్లేదు. బయట ఎండ తగ్గింది. ఆయన లేచి నూనె గుడ్డ అందుకున్నాడు.

కొట్టు కట్టేసే ముందు రోజూ జరిగే తంతే ఇది. కర్పూరం కలిపిన నూనెలో నానిన గుడ్డ అది. దాంతో ఆయన ప్రతి ఉలినీ పిడిలోంచి ఊడదీసి, లోపలి తోకతో సహా తుడిచి, మళ్ళీ పిడిలో దిగేస్తాడు. తర్వాత సుత్తులు, ఆ తర్వాత ఇత్తడిని బిగించి పట్టే వైసు మర. తన బల్ల అయ్యాక పెద్దకొడుకు బల్ల, ఆపైన చిన్నకొడుకు చక్రం ఇరుసు. పనిముట్టుకు నూనె పెట్టకుండా మనిషి అన్నానికి కూర్చోకూడదన్నది ఆయన మాట. అన్నీ అయిపోయాక గుడ్డతో చిన్నకోడలి బల్ల దాకా వస్తాడు, అక్కడ ఆగుతాడు, వెనక్కి తిరుగుతాడు. "అది పనిముట్టు కాదు, మిషను," అని ఎప్పుడో ఒకసారి అన్నాడు. ఆ తర్వాత అనాల్సిన అవసరం కూడా ఆయనకు కనబడలేదు.

ఇక ఆయన ఉలుల్ని ముట్టుకోవాలంటే ఎంతటివాళ్ళయినా చేతులు కడుక్కుని రావాల్సిందే. తల నెరిసిన పెద్దకొడుకు ఇప్పటికీ కుళాయి దాకా వెళ్ళి కడుక్కునే వస్తాడు. చిన్నకోడలు కొట్లోకి వచ్చిన కొత్తలో సన్నటి ఉలి ఒకటి చేతిలోకి తీసుకోబోతే, "చేతులు కడుక్కుని రామ్మా," అన్నాడు. ఆమె కడుక్కుని వచ్చేసరికి ఉలులన్నీ పెట్టెలోకి వెళ్ళిపోయాయి, పెట్టెకు తాళం పడింది.

ఆ రోజూ ఆయన ఆమె బల్ల దాకా వచ్చాడు, ఆగాడు, వెనక్కి తిరిగాడు. అవతల మాట విసిరిన బావగారి మీద కన్నా, ఏమీ అనకుండా తిరిగి వెళ్తున్న ఆ వీపు మీదే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆమె అటక మీది దుప్పట్ల పెట్టె దించి, అడుగున అట్టపెట్టెలో దాచిన వస్తువును బయటికి తీసింది. మొగుడు మంచం మీంచే తల ఎత్తాడు.

"ఇదేంటి? ఇంట్లో ఫిరంగి దాచావా నాకు తెలీకుండా?"

"స్పిండిల్."

"ఉన్నది చాలదూ?"

"చాలితే గడియారం అద్దం ఎందుకు గీరుకుపోతుంది? పాతదాంట్లో ఉన్నది బొమ్మకారు మోటారుకు అన్నలాంటిది. పక్కకి కాస్త నొక్కితే ఒరిగిపోతుంది. దీనికి పైనా కిందా గట్టి బేరింగులున్నాయి. పట్టుకుని చూడండి, ఎంత బరువుందో."

అతను పట్టుకుని చూశాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని, "అన్నయ్యతో పంతాలు అవసరమంటావా? నాకు గుర్తు లేదు, నేను బతకట్లేదా?" అన్నాడు.

"మీరు బతుకుతున్నారు. నాకు మండుతోంది."

"ఎప్పట్నుంచి దాచావేంటి దీన్ని?"

"ధైర్యం చాలనప్పట్నుంచి."

అతను లుంగీ బిగించుకుని లేచాడు. "సరే పద, ఎక్కడ పట్టుకోవాలో చెప్పు." అతనిలో ఉన్న మంచి గుణం అదే. వాదనలో ఓడిపోవడానికి ఎక్కువ సమయం తీసుకోడు.

చెప్పుకోవడానికి ఇది స్పిండిల్ మార్చడమే గానీ, చేసేవాళ్ళకు తెలుస్తుంది ఆ ఒళ్ళు నొప్పులు. స్పిండిల్‌ను బిగించి ఉంచే పాత పట్టును ఊడదీయబోతే ఒక స్క్రూ తల అరిగిపోయి ఉంది. స్క్రూడ్రైవరు మొనకూ దానికీ మధ్య రబ్బరు బ్యాండు ముక్క పెట్టి, మీద బరువంతా వేసి తిప్పితే కిర్రుమని కదిలింది. కొత్త స్పిండిల్ లావు. పాత పట్టులో అది పట్టదు. దానికని తెచ్చిన మందపాటి పట్టును బిగించాలంటే వెనక పలకకు కొత్త రంధ్రాలు వేయాలి. మొగుడు పలకను వైసులో పట్టుకుంటే ఆమె రంధ్రాలు వేసింది. మిషనుకున్న పాత కరెంటు దీనికి చాలదు. విడిగా ఒక పవర్ సప్లై పెట్టె, దానికో స్విచ్చి అమర్చింది. స్పిండిల్ అటూ ఇటూ తిరిగేటప్పుడు వైర్లు ఎక్కడా చిక్కుకోకుండా నైలాను తాళ్ళతో కట్టి, చేత్తో తిప్పి చూసి, విప్పి, మళ్ళీ కట్టింది.

బావగారు ఒకటికి రెండుసార్లు అటుగా వచ్చి వెళ్ళాడు. బక్క మిషను మీద బండ స్పిండిల్‌ను చూసి ఉండబట్టలేకపోయాడు.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని విన్నాను గానీ, పిచ్చుకే బ్రహ్మాస్త్రం మోయడం ఇప్పుడే చూస్తున్నా."

"మోస్తుందో లేదో చూద్దురుగాని, బావగారూ," అంది ఆమె తల ఎత్తకుండా.

అయితే ఆ మాటలో నిజం లేకపోలేదు. బరువుకి స్పిండిల్ ముందుకు ఒరిగింది, కంటికి కనబడనంత. ఎటు ఎంత ఒరిగిందో తేల్చడానికి ఆమె సైకిలు ఊచ ముక్కను వంచి స్పిండిల్‌కు బిగించి, మిషను మీద అద్దం పలక పరిచి, ఊచను చేత్తో నెమ్మదిగా చుట్టూ తిప్పింది. అద్దానికీ ఊచ మొనకూ మధ్య కాగితం పెట్టి లాగుతూ చూసింది. ముందువైపు కాగితం చిక్కుకుంటోంది, వెనకవైపు జారిపోతోంది. ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాను కత్తెరతో కోసి, ఆ రేకు ముక్కను పట్టు కింద దూర్చి, మళ్ళీ బిగించి, మళ్ళీ తిప్పింది. ఈసారి వెనకవైపు చిక్కుకుంది. రేకును సగం చేసి పెట్టింది. భోజనానికి పిలిచినా వెళ్ళలేదు. కాగితం అన్నివైపులా ఒకేలా గీరుకునేదాకా ఆమెకు ఆకలి గుర్తు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం స్విచ్చి వేసింది. మొదట ఖాళీగా, నెమ్మదిగా తిప్పింది. కాసేపయ్యాక వేగం పెంచింది. ఆ పాత గీ లేదు. బొంగురు గొంతుతో ఎవరో లోపల్లోపల పాడుకుంటున్నట్టుంది.

కిటికీ దగ్గర మామగారు తల ఎత్తాడు. చెవి ఇటు పెట్టి విన్నాడు.

"జోరీగ చచ్చిందా?"

"చచ్చింది మామయ్యా."

పనికిరాని ఇత్తడి ముక్క ఒకటి బిగించి, బిట్టును దాని మీదకు దించింది. మొగుడు గడియారానికి అడ్డంగా నిలబడ్డాడు, అతని జాగ్రత్త అతనిది. బిట్టు విరగలేదు, వణకలేదు. సన్నటి ఇత్తడి రజను మెరుస్తూ పక్కకు రాలింది. ఒక గీత, దాని పక్కన ఇంకో గీత, ఆ తర్వాత ఒక ఒంపు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండింటినీ మింగి మిషను ఆపింది.

మామగారు వచ్చాడు. చేతిలో గుడ్డ లేకుండా ఆయన ఆ బల్ల దగ్గరికి రావడం అదే మొదలు. ఇత్తడి ముక్కను తీసుకుని, కోతలో బొటనవేలి గోరు పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా లాగాడు. "హూఁ" అన్నాడు. మెచ్చుకోలో వెక్కిరింతో ఆ దేవుడికే తెలియాలి. వెళ్ళిపోతాడనుకుంటే వెళ్ళలేదు. ఆమె రెండు పానాలు పట్టి స్పిండిల్ కింది నట్టు విప్పి, బిట్టునూ దాన్ని పట్టుకునే చీలికల గొట్టాన్నీ తీసి కుంచెతో దులుపుతుంటే, మెడ వంచి చూశాడు.

"ఇదేనా బిట్టును పట్టుకునేది?"

"అవును మామయ్యా. కోలెట్ అంటారు. అంతా దీని పట్టులోనే ఉంది."

ఆయన తల ఊపి తన బల్లకు వెళ్ళిపోయాడు. ఆమె కొత్త బిట్టు పెట్టి నట్టు బిగించింది, శనివారం అచ్చుకని ఎంచిన మందపాటి ఇత్తడి దిమ్మను మిషను మీద అమర్చింది. ఆకు ఈనెల దగ్గర బొమ్మ ఇంకా నచ్చలేదు. ఇంటికి వెళ్ళి దిద్దుకోవాలని, కొట్టు కట్టేయక ముందే బయల్దేరింది.

శనివారం పొద్దున్న ఆమె నట్టును ఒకసారి పట్టుకుని చూసింది. బిగువుగానే ఉంది. కాగితం పెట్టి బిట్టు ఎత్తు సరిచూసుకుంది. కొట్టంతా ఎప్పటిలాగే కర్పూరం నూనె వాసన. స్విచ్చి వేసింది.

బావగారు తన పని తాను చేసుకుంటున్నట్టే ఉన్నాడు గానీ, చేతిలోని ఉలి చాలాసేపటి నుంచి కదలలేదు. బొంగురు పాట మొదలైంది. మొగ్గ చుట్టూ పనికిరాని ఇత్తడి పొర పొరగా పోయింది. రేకుల అంచులు తేలాయి. ఆమె కుంచెతో రజను పక్కకు ఊడుస్తూ కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. పై రేకు అయింది. పక్క రేకు అయింది. మొగుడు చక్రం ఆపి, నోట్లో ఏదో లెక్క చదువుకుంటున్నవాడిలా నిలబడిపోయాడు.

ఉన్నట్టుండి పాట మారింది. బొంగురు గొంతు లోతుకు దిగింది, రజను ముక్కలు లావుగా రాలాయి. ఆమె చెయ్యి స్విచ్చి మీదకు వెళ్ళేలోపే బిట్టు మొగ్గ నడుం మీదుగా లోతైన గాడి ఒకటి తవ్వుకుంటూ పోయింది. ఆపి చూస్తే బిట్టు కోలెట్లోంచి కిందికి జారి, ఉండాల్సిన దానికన్నా పొడుగ్గా వేలాడుతోంది.

బావగారు వచ్చి చూశాడు. ఎగతాళి చేసినా బాగుండేది. జాలిపడ్డాడు.

"పోనీలే అమ్మా. అందరికీ అన్నీ రావు. ఏడవకు. సబ్బులావిడకు నేను చెప్పుకుంటాలే. మధ్యాహ్నం బల్ల జరుపుదాం."

"నేను ఏడవట్లేదు. నేను బిగించింది ఇలా జారదు. ఎవరో ముట్టుకున్నారు."

"ఎవరో అంటే? నేనా?" బావగారి మొహం ఎర్రబడింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీ చేతకానితనం నా మీద రుద్దుతావా? నా పిల్లల మీద ఒట్టు, నీ బల్ల జోలికి వచ్చి ఎరగను!"

ఆ గొంతులో అబద్ధం లేదు. అతను మాట తూలతాడు గానీ దొంగపని చేసే మనిషి కాదని ఆమెకూ తెలుసు. రెండు పానాలు తీసుకుని నట్టు విప్పింది. లాగకుండానే కోలెట్ జారి అరచేతిలో పడింది. వేళ్ళ మధ్య నిలవడం లేదు, అంత జిడ్డుగా ఉంది. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. కర్పూరం.

తల ఎత్తి కిటికీ వైపు చూసింది. ఆమెతో పాటు అందరూ అటే చూశారు.

"రాశాను," అన్నాడు మామగారు. "నిన్న సాయంత్రం. నువ్వెలా విప్పావో చూశాగా. అలాగే విప్పి, లోపలా బయటా రాసి, మళ్ళీ గట్టిగా బిగించాను. ఏం? పనిముట్టుకు నూనె పెట్టడం తప్పా?"

పనిముట్టు అన్నాడు. ఆ మాట అందరికన్నా ముందు బావగారికి తగిలింది.

"నా మొదటి ఉలికి ఎన్నేళ్ళకు నూనె పెట్టారు నాన్నా మీరు? పెళ్ళయ్యాక కదూ?" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిదైపోయింది.

"నీ ఉలి మొద్దుగా ఉండేదిరా," అన్నాడు మామగారు తాపీగా.

చిన్నకోడలు కోలెట్‌ను పట్టుకుని అలాగే నిలబడింది. ఎన్ని సాయంత్రాలు ఆ గుడ్డ తన బల్ల అంచు దాకా వచ్చి వెనక్కి పోయింది! వస్తే ఎలా ఉంటుందో ఎన్నిసార్లు ఊహించుకుంది! తీరా వచ్చింది, తను లేనప్పుడు వచ్చింది, వచ్చి కొంప ముంచింది. ఆమెకు సంతోషం కలిగింది, ఒళ్ళు మండింది, రెండూ ఒకేసారి. 'పర్వాలేదులెండి మామయ్యా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కోడళ్ళ నోట్లో ఆ మాట ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. దాన్ని ఆమె మింగేసింది.

"మామయ్యా, మీరు పెట్టిన నూనె నా ఇత్తడిని చెడగొట్టింది," అంది.

మొగుడి చేతిలోంచి పాలిష్ గుడ్డ కింద పడింది.

"మీ ఉలికి నూనె ప్రాణం. దీనికి కాదు. ఇది పొడిగా ఉంటేనే పట్టు. మీరు మంచి మనసుతోనే పెట్టారు, నాకు తెలుసు. కానీ ఇది నా పనిముట్టు. నన్నడక్కుండా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మీరైనా సరే."

'మీరైనా సరే' అని ఆయనతో అన్నవాళ్ళు ఆ కొట్లో ఇప్పటిదాకా లేరు. మామగారు ఆమె వైపు చాలాసేపు చూశాడు. ఒళ్ళో ఉన్న నూనె గుడ్డను మడత పెట్టి, ఆ మడతను విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

ఆమె స్పిరిట్ సీసా తీసింది. కోలెట్‌లో ఒక్కొక్క చీలికలోకీ దారం దూర్చి లాగింది. నట్టు లోపల, స్పిండిల్ మొన లోపల, బిట్టు మొదలు, అన్నీ తెల్లగుడ్డతో తుడిచి, గుడ్డకు మరక అంటనంతవరకూ తుడిచి, కిటికీ గట్టు మీద ఎండలో పెట్టింది. ఆ గట్టు మామగారిది. ఆయన తన ఉలుల పెట్టెను కాస్త పక్కకు జరిపాడు.

"పందెం అయిపోయింది కదమ్మా," అన్నాడు బావగారు. ఇందాకటి జాలి ఇప్పుడు గొంతులో లేదు.

"పందెం కాసింది మీరు బావగారూ. నేను పని ఒప్పుకున్నాను. శనివారం ఇంకా అయిపోలేదు."

"దిమ్మ ఏది? అంత మందంది ఇంకోటి లేదు."

"ఇదే ఉందిగా." ఆమె పాడైన దిమ్మను ఊడదీసి, తిరగేసి, వెనకవైపు పైకి వచ్చేలా మళ్ళీ బిగించింది.

బిట్టును పటకారుతో లాగి చూసింది, కదలలేదు. రెండోసారి లాగింది. మూడోసారి మొగుడిని లాగమంది. "నా వల్ల కాదు, నీలాగే ఉంది మొండిది," అన్నాడతను. కాగితం పెట్టి ఎత్తు చూసుకుని స్విచ్చి వేసింది.

ఈసారి ఆమె కూర్చోలేదు. స్విచ్చి మీద చెయ్యి తీయకుండా, పాట మారుతుందేమోనని చెవి అప్పగించి నిలబడింది. మధ్యాహ్నం గడిచింది. బల్ల జరపడానికి ఎవరూ రాలేదు. మొగ్గ తేలింది, తొడిమ ఒంపు తేలింది, ఆకు తేలింది, చివరికి సన్నటి బిట్టుతో ఆకు మీద ఈనెలు ఒక్కొక్కటే పడ్డాయి. మిషను ఆపి కుంచెతో రజను ఊడ్చేసరికి గుమ్మంలో సబ్బులావిడ చెప్పులు విడుస్తోంది. పోయినసారి అచ్చుతో పోసిన సబ్బులు నాలుగు కాగితంలో చుట్టి తెచ్చింది.

ఆవిడ అచ్చును వెలుగులోకి ఎత్తి, ఇటూ అటూ తిప్పి, బొటనవేలితో తడిమింది. ఈసారి మాట రాక ముందు నవ్వు వచ్చింది.

"ఆకు మీద నీటిబొట్టు నిలిచేలా ఉందే! ఎవరు కోశారు?"

బావగారి గొంతు సవరింపు వినబడింది. "మా ఇంటి చిన్నకోడలు," అన్నాడు. ఎంత కష్టమైనా మాట మాటే. సొరుగులోంచి గుర్తులు కొట్టే సన్న ఉలీ సుత్తీ తీసి ఆమె ముందు పెట్టాడు. "ఊఁ, గుర్తు పెట్టుకో. ఏం గుర్తో అనుకున్నావా?"

ఎన్నో అనుకుంది ఆమె. పిట్ట అనుకుంది, దీపం అనుకుంది, చుక్క అనుకుంది. దిమ్మను తిరగేసింది. వెనక సగం చెక్కిన మొగ్గ, దాని నడుం మీదుగా లోతైన గాడి. సబ్బులావిడ, "అయ్యో, ఇదేంటి?" అంది.

"అదే నా గుర్తు," అంది చిన్నకోడలు.

"అది తప్పు కదమ్మా!" అన్నాడు బావగారు.

"తప్పే. ఎలా జరిగిందో మనందరికీ తెలుసు. ఎవరు దిద్దారో కూడా తెలుసు. ఇకమీదట నా ప్రతి అచ్చు వెనకా ఇదే ఉంటుంది. మొగ్గ, మొగ్గ మీద గీత." సన్న ఉలినీ సుత్తినీ తీసి బావగారి చేతికి తిరిగి ఇచ్చేసింది. "ఇవి మీవి."

సబ్బులావిడ వెళ్ళాక ఎండ తగ్గింది. మామగారు లేచి నూనె గుడ్డ అందుకున్నాడు. తన ఉలులు, పెద్దకొడుకు ఉలులు, వైసు మర, చక్రం ఇరుసు, ఏదీ తప్పించలేదు. అన్నీ అయ్యాక చిన్నకోడలి బల్ల దాకా వచ్చి ఆగాడు. బావగారు చూస్తున్నాడు, మొగుడు చూస్తున్నాడు. ఆయన వెనక్కి తిరగలేదు. నూనె గుడ్డను చక్రం పక్కన మేకుకు తగిలించి, భుజం మీది పొడి తువ్వాలు తీశాడు.

"దీన్ని ఎలా తుడవాలో చూపించు," అన్నాడు. కాస్త ఆగి, "ముట్టుకోవచ్చా?" అన్నాడు.

ఆమె ఆయన వేళ్ళ వైపు చూసింది. అవి నూనెతో నిగనిగలాడుతున్నాయి.

"చేతులు కడుక్కుని రండి మామయ్యా," అంది.

మామగారు తువ్వాలును భుజాన వేసుకుని, పక్కనే ఉన్న కుళాయి తిప్పి, సబ్బులావిడ తెచ్చిన కొత్త సబ్బు ఒకటి విప్పి, మోచేతుల దాకా రుద్దుకుని కడుక్కున్నాడు. ఆయన తుడుచుకుని ఇటు తిరిగేసరికి, ఆమె బల్ల మీద తెల్లకాగితం పరిచి, కోలెట్ విప్పి దాని మీద పెట్టి ఉంచింది.